రైలు చెయ్యి వాలని రోజు

ఇప్పుడు బేరమంటే ఫోను. అవతలివాడు ఫోటో అడుగుతాడు, పంపిస్తాం, జవాబుగా ఒక బొటనవేలు బొమ్మ వస్తుంది, అయిపోయింది. ఆ బొటనవేలును చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. నేను బేరం నేర్చుకున్న రోజుల్లో అయిదు వేళ్లూ పనిచేసేవి, అదీ ఎవరికీ కనబడకుండా, టవలు కింద. ఆ అయిదూ చాలక, దూరాన ఇంకో చెయ్యి కూడా మా కోసం పనిచేసేది. అది రైలువాళ్లది. మాకు ఊరికే దొరికింది. ఊరికే ఇస్తానన్నదాన్ని కూడా ఇంకాస్త తగ్గించి ఇమ్మని అడిగే వంశం మాది కాబట్టి, దాని విలువ ఏమిటో అది పోయాక గానీ మాకు తెలియలేదు.

మాది సోలాపూర్‌లో నేతగాళ్ల పేట. తాతల కాలంలో కరీంనగర్ దిక్కునుంచి మగ్గాలతో సహా వచ్చి పడ్డ జనం. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, కోపమొస్తే హిందీ. మా ఇంటికి ముందు భాగం దుకాణం. చద్దర్లు, టవళ్లు, గోడకు వేలాడదీసుకునే నేత బొమ్మలు. వెనక భాగం చిన్నాయన మగ్గం. మా నాయన అమ్మేవాడు, ఆయన తమ్ముడు నేసేవాడు. పేట చివర ఒక చిన్న స్టేషన్ ఉండేది, ప్యాసింజర్లు తప్ప ఇంకేవీ ఆగేవి కావు. స్టేషన్‌కు కాస్త ఈవల ఎత్తయిన ఇనుప స్తంభం, దాని నెత్తిన ఎర్రటి రెక్క. రెక్క అడ్డంగా చాచి ఉంటే బండి ఆగాలి, కిందికి వాలితే రావచ్చు. చదువుకున్నవాళ్లు దాన్ని సిగ్నల్ అనేవారు. పేటలో దాని పేరు చెయ్యి. "చెయ్యి పడ్డది" అంటే మధ్యాహ్నం ప్యాసింజర్ వస్తున్నట్టు. ఆడవాళ్లు చుట్టిన బీడీలు చేటలోంచి సంచిలోకి సర్దుకుని కార్ఖానాకు బయల్దేరేది దాన్ని చూసే. పొయ్యి మీద చారు దించేది దాన్ని చూసే. దుకాణాలవాళ్లం మాత్రం దాన్ని ఇంకో పనికి పెట్టుకున్నాం.

బయటి ఊళ్లనుంచి సరుకు కొనడానికి వచ్చే సేఠ్‌లు పొద్దుటి బండిలో దిగి మధ్యాహ్నం ప్యాసింజర్‌లో తిరిగి పోయేవారు. అది తప్పితే మళ్లీ మర్నాడే. చెయ్యి వాలిన తర్వాత లేచినా, కాస్త పంచె ఎగ్గట్టి ఉరికితే బండి అందేది. కాబట్టి మా వీధిలో ప్రతి దుకాణంలోనూ అమ్మేవాడు కూర్చునే గద్దె రైలు పట్టాల వైపుకు తిరిగి ఉండేది, కొనేవాడు కూర్చునే పరుపు పట్టాలకు వీపు పెట్టి ఉండేది. (వాస్తు అనుకునేవారు చాలామంది. మేమూ అదే చెప్పేవాళ్లం.) ఎదురింటి కప్పుకూ నీళ్ల ట్యాంకుకూ మధ్యన ఉన్న సందులోంచి మా గద్దె మీదికి ఆ చేతి కొస మాత్రం కనబడేది. నాకు మీసాలు సరిగ్గా మొలవకముందే నాయన చెప్పిన పాఠం ఇది: "చెయ్యి పడేదాంక నువ్వు మెత్తవడకు. పడ్డంక ఆయనే మెత్తవడ్తడు. అయితే దాన్ని చూసినట్టు కనవడొద్దు. ఆవలించినట్టు చూడాలె." నేను ఆవలించడం చదువుకున్నాను. బళ్లో చదివిన చదువు కన్నా బాగానే వచ్చింది.

బేరం నోటితో చేయడం మా దగ్గర మర్యాద కాదు. నోటితో క్షేమసమాచారాలు, వానలు, పెళ్లిళ్లు. ధర మాత్రం టవలు కింద. ఇద్దరి కుడిచేతుల మీదా ఒక టవలు కప్పి, లోపల వేళ్లు పట్టుకుని నొక్కేవాళ్లం. ఏ వేలు ఎన్నిసార్లు నొక్కితే ఎంత అన్నది అందరికీ తెలిసిందే, ఎంత నొక్కామన్నది మాత్రం ఆ ఇద్దరికే. పక్క దుకాణం వాడు వచ్చి పక్కనే కూర్చున్నా ఏమీ తెలిసేది కాదు. నాయన ముఖం ఆ సమయంలో గుడిలో హారతి తీసుకుంటున్నవాడి ముఖంలా ప్రశాంతంగా ఉండేది. లోపల వేళ్లు మాత్రం కుస్తీ పడుతుండేవి.

మాకు వచ్చే సేఠ్‌లలో అందరికన్నా గట్టివాడు నిమ్మళం సేఠ్. అసలు పేరు ఏదో ఉండేది గానీ, మనిషి నీళ్లు తాగడానికి కూడా ముహూర్తం చూసేంత నిదానం కావడం వల్ల మా అమ్మ పెట్టిన పేరే స్థిరపడింది. చిన్నాయన నేసే గోడబొమ్మలు ఆయన తప్ప పెద్దగా కొనేవాళ్లు లేరు. ఆయన భక్తి కూడా గొప్పది. గద్దె వెనక గోడకు మా నేతగాళ్ల దేవుడు మార్కండేయ మహాముని పటం ఉండేది, పెద్ద అద్దంతో. సేఠ్ చెయ్యి టవలు కింద పెట్టింది మొదలు పటం మీదినుంచి కన్ను తీసేవాడు కాదు. "ఎంత భక్తో చూడు, మన దేవున్ని మనకన్న ఎక్కువ చూస్తడు" అని నాయన మురిసిపోయేవాడు.

నేను చెప్పబోయే ఏడాది ఆ గోడబొమ్మలకు గిరాకీ పడిపోయింది. మిషను మీద నేసినవి వచ్చాయి, దూరంనుంచి చూస్తే తేడా తెలియదు, దగ్గరినుంచి చూసే తీరిక ఎవరికుంది. చిన్నాయన మగ్గం మీద పడుగు నూలు అయిపోయి, ఖాళీ మగ్గం ముందు కూర్చుని, పోగును అటూ ఇటూ మోసే నాడెకు నూనె రాస్తూ పొద్దుపుచ్చేవాడు. నీలం నగర్‌లో ఒక పవర్‌లూమ్ సావుకారు పనికి రమ్మని కబురు మీద కబురు పెడుతున్నాడు. అప్పుడే నిమ్మళం సేఠ్ నుంచి కబురు వచ్చింది, పెద్ద ఆర్డరు మాట్లాడాలి, వస్తున్నానని. నాయన అప్పటికే పెళ్లికని సిరిసిల్ల వెళ్లి ఉన్నాడు. గద్దె నాది. నా జన్మలో మొట్టమొదటి పెద్ద బేరం.

ఆ పొద్దున చిన్నాయన ముందు గదిలోకి వచ్చి గడపలో కూర్చున్నాడు. ఆయన అడగడం తెలియని మనిషి. కాలి బొటనవేలి వంక చూసుకుంటూ అన్నాడు: "ఒరే, సేఠ్ ఈ ఆర్డరు ఇస్తె పడుగు ఎక్కిస్త. లేకుంటె మగ్గం విప్పేస్త. వొట్టి మగ్గం ముంగట కూసునుడు నాతోని గాదు. నువ్వు రేటు కోసం గుంజకు. నా చేతికి పని గావాలె, గంతే."

"నువ్వు ఫికర్ చెయ్యకు చిన్నాయనా. నాయన కన్న మంచిగ బేరం తెంపుత చూడు," అన్నాను. నాకు వినబడింది ఆయన అడిగింది కాదు, నాయన తిరిగొచ్చి నా భుజం తట్టే చప్పుడు.

లోపల బీడీలు చుడుతున్న అమ్మ అంది, "అటు స్తంభం మీద మనుషులెక్కిన్రు పొద్దుగాల. ఏం చేస్తున్నరో."

"రంగేస్తున్నరేమో," అన్నాను నేను, సర్వజ్ఞుడిలా. నెల రోజులుగా ఆ స్తంభం పక్కన ఇంకో కొత్త స్తంభం నిలబడి ఉంది. దాని తల చుట్టూ గోనెపట్టా కప్పి, పైన చెక్కపట్టీలు అడ్డంగా, ఇంటూ గుర్తులాగా కట్టి ఉండేవి. లైన్ అంతా కొత్త దీపాలు పెడుతున్నారని విన్నాం. పెడితే పెట్టనీ, మనకెందుకు అనుకున్నాం. మాకు చెప్పకుండా మా చెయ్యి తీసేస్తారని ఎవరం అనుకోలేదు.

నిమ్మళం సేఠ్ వచ్చాడు. టీ అయింది. ఆయన మోకాళ్ల నొప్పులు, వాళ్ల ఊళ్లో నీళ్ల కరువు అయ్యాయి. (ఆయన హిందీలో, నేను నాకొచ్చిన హిందీలో మాట్లాడుకున్నాం. రెండూ కలిపి ఇక్కడ తెలుగులోనే చెబుతున్నాను.) టవలు పరిచాను. వేళ్లు కలిశాయి. ఆయన ఒక మాట నొక్కాడు. నేను వేరే మాట నొక్కాను. రెండింటికీ మధ్య దూరం పెద్దదేం కాదు, ఒక్క వేలంత. చెయ్యి వాలితే ఆ ఒక్క వేలూ ఆయనే వదులుతాడని నాకు తెలుసు. నేను ఆవలించాను. చెయ్యి అడ్డంగానే ఉంది. ఆయన మార్కండేయుణ్ని చూస్తున్నాడు. మళ్లీ ఆవలించాను. అడ్డంగానే ఉంది. అరచేతులు చెమట పట్టి వేళ్లు జారుతున్నాయి. వెనక తెర కదిలింది, చిన్నాయన పాదాలు కనబడ్డాయి. ఇంకోసారి ఆవలించేసరికి సేఠ్ అన్నాడు, "రాత్రి నిద్ర లేదా బేటా?"

అంతలో కూత వినబడింది. ఎదురింటి అవతల ప్యాసింజర్ డబ్బాల చప్పుడు తాపీగా సాగిపోతోంది. చెయ్యి మాత్రం ఇంకా అడ్డంగా చాచి ఉంది, మొండికేసిన గేదెలా. ముందు అన్నది సేఠే, పటం మీదినుంచి కన్ను తీసి, నిజమైన ఆశ్చర్యంతో: "అరే, హాత్ గిరా నహీ."

చెయ్యి పడలేదే అని.

"ఏ చెయ్యి సేఠ్‌జీ?" అన్నాను. అప్పటికీ వ్యాపార రహస్యం కాపాడుతున్నాను పాపం.

ఆయన నా తల మీదుగా పటం వైపు వేలు చూపించాడు. వెనక్కి తిరిగి చూశాను. మార్కండేయుడి జడల పక్కన, అద్దంలో, ఎదురింటి కప్పూ, నీళ్ల ట్యాంకూ, మధ్యలో ఎర్రటి చేతి కొసా, అన్నీ అద్దినట్టు కనబడుతున్నాయి. ఇన్నేళ్ల భక్తి అదన్నమాట. "మీ నాయన నా భుజం మీదినుంచి చూస్తడు, నేను మీ నాయన భుజం మీదినుంచి చూస్త," అన్నాడు సేఠ్. "అది పడంగనే ఆయన కొంచెం వదుల్తడు, నేను కొంచెం వదుల్త. ఇద్దరికీ తొందర వచ్చింది గద, ఎవలకు నామోషి? నువ్వెందుకు వదల్లే?"

"పడలేదు గద సేఠ్‌జీ."

"నేనూ అందుకే వదల్లే," అన్నాడు ఆయన.

ఇద్దరం చెప్పులు కూడా లేకుండా పట్టాల దాకా వెళ్లి చూశాం. చెక్కపట్టీల ఇంటూ గుర్తు కొత్త స్తంభం మీదినుంచి మా చేతి మీదికి మారింది. మా గద్దె మీదికి కొస ఒక్కటే కనబడుతుంది కాబట్టి పట్టీలు నాకు కనబడలేదు. కింద తీగలు చుట్ట చుడుతున్న రైలు మనిషి మరాఠీలో చెప్పాడు, "పొద్దుగాల్నే బంద్ అయింది. ఇగ దీపమే." ఆ దీపం ఏదీ అని అడిగాను. కొత్త స్తంభం మీద నల్లటి టోపీలాంటి డబ్బా తప్ప నాకేమీ కనబడలేదు. "నీకెట్ల కనవడ్తది? అది డ్రైవరుకు. ఆయన దిక్కుకే చూస్తది," అన్నాడు. సేఠ్ తల ఊపాడు. నాకైతే ఇంట్లో పెద్దమనిషి మాతో మాట్లాడటం మానేసినట్టు అనిపించింది.

బండి పోయింది కాబట్టి సేఠ్ మా ఇంట్లోనే జొన్నరొట్టె, పల్లీల చట్నీ తిన్నాడు, అమ్మ చేతి వంటను మెచ్చుకున్నాడు, మళ్లీ పరుపు మీద కూర్చున్నాడు. టవలు పరిచాం. ఇక్కడినుంచి చెప్పడం కష్టం. ఇంతకుముందు మా మధ్య ఉన్నది ఒక వేలు. ఇప్పుడూ అదే వేలు. కానీ ఇప్పుడు ఎవరికీ తొందర లేదు. తొందర లేనివాడు వేలు వదిలితే దానికి కారణం ఉండదు, ఓడిపోవడం తప్ప. పైగా ఎదుటివాడు ఎందుకు ఆగుతున్నాడో ఇద్దరికీ తెలిసిపోయింది. నేను ఆవలిస్తే ఆయన నవ్వేవాడు, ఆయన పటం వంక చూస్తే నేను నవ్వేవాణ్ని. నవ్వుతూనే ఇద్దరం గట్టిగా పట్టుకున్నాం.

"నువ్వు చిన్నోనివి, నువ్వు వదులు," అన్నాడు.

"మీరు పెద్దోళ్లు, మీరే వదలాలె," అన్నాను.

తెర వెనకనుంచి చిన్నాయన గొంతు, "అయ్యిందారా?"

"అయితున్నది చిన్నాయనా."

టీ వచ్చింది, పోయింది. టవలు తీశాం, పరిచాం. పొద్దు వాలింది. చివరికి సేఠ్ చెయ్యి వెనక్కి తీసుకుని, టవలు తనే నాలుగు మడతలు పెట్టి, నా పక్కన పెట్టి లేచాడు. కోపం ఏమీ లేదు. అలసిపోయిన మనిషి. "బస్సుకు పోత బేటా. మీ నాయన వచ్చినంక చూద్దాం," అన్నాడు. నేను మర్యాదగా గడప దాకా సాగనంపాను, లోపల కాస్త గర్వంగా కూడా ఉంది. వదల్లేదు కదా.

వెనక్కి తిరిగేసరికి చిన్నాయన తెర పక్కకు లాగి నిలబడి ఉన్నాడు. నన్ను తిట్టలేదు. "ఉరుకురా," అన్నాడు. "ఆయన ఎంతంటె అంత అను. ఉరుకు."

అప్పుడు వినబడింది నాకు, పొద్దున ఆయన అడిగింది.

సైకిల్ మీద బస్ స్టాండుకు ఎట్లా చేరానో తెలియదు. బస్సు కదలడానికి గుర్రుమంటోంది. సేఠ్ కిటికీ పక్కన ఉన్నాడు. నన్ను చూసి ఆయన ముఖం వెలిగింది, నిజంగా. కిటికీలోంచి కుడిచెయ్యి బయటికి చాచాడు. నేను పట్టుకున్నాను. పట్టుకుని ఆగిపోయాను. చుట్టూ జనం, మా చేతుల మీద ఏమీ లేదు. దేశం మొత్తానికి ఒళ్లు తుడిచే ఊళ్లో పుట్టి, టవళ్ల దుకాణం గద్దె మీదినుంచి లేచొచ్చి, నా భుజాన ఒక్క టవలు లేదు. సేఠ్ తన భుజం తడుముకున్నాడు, ఆయన టవలు సంచిలో, సంచి పైన అరలో. ఇద్దరం పిచ్చివాళ్లలా ఒకరినొకరు చూసుకున్నాం. నోటితో అంటే సరిపోయేది. "మీ మాటే సేఠ్‌జీ" అంటే సరిపోయేది. అందామని నోరు తెరిచాను కూడా. కానీ ఒప్పుకోవడం నా నోటికి అలవాటు లేని పని, అది చేతి పని. నా నోటికి వచ్చిందల్లా, గద్దె మీద కూర్చుని ఏళ్ల తరబడి అన్న మాట: "మళ్లా ఎప్పుడొస్తరు సేఠ్‌జీ?"

ఆయన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. బస్సు కదిలింది.

నాయన వచ్చాక సేఠ్‌కు ఫోను చేశాడు. సేఠ్ క్షేమసమాచారాలన్నీ అడిగి, చివర్లో ఇబ్బందిపడుతూ చెప్పాడట, దారిలో ఒక మిషను కార్ఖానాలో దిగానని, వాళ్లు రేటు బోర్డు మీద రాసి పెట్టారని, బేరమే లేదని, అలసటలో సరే అనేశానని. నాయన ఫోను పెట్టేసి నన్ను అడిగాడు, "బండి కూత వినవడ్డదిగద?"

"వినవడ్డది."

"మరి?"

"చెయ్యి పడలే నాయనా."

ఆయన ఎదురింటి కప్పుకూ ట్యాంకుకూ మధ్య సందు వంక చూశాడు. అప్పటికి అక్కడ ఆకాశం తప్ప ఏమీ లేదు, స్తంభాన్ని కోసి తీసుకుపోయారు. "నేనున్నా ఒప్పుకోకపోదునేమో," అన్నాడు. ఆయన నన్ను ఓదార్చాడో, తనను తాను చూసుకుని భయపడ్డాడో నాకు ఇప్పటికీ తెలియదు. మేమంతా అది మా తెలివి అనుకున్నాం. ఆవలింతలు, గద్దె దిక్కు, పటం అద్దం, అన్నీ. తీరా చూస్తే మేం చేసిందేమీ లేదు. పంతం పట్టిన ఇద్దరి మధ్య ఎవరి పక్షమూ కాని ఒక చెయ్యి ఉండేది. అది దిగితే మా చేతులూ దిగేవి.

చిన్నాయన ఆ వారమే మగ్గం విప్పాడు. నేను సాయం పోతే వద్దనలేదు. ఒక్కో కర్రా తీసి గోడకు ఆనించి, నాడె మాత్రం అంగీ జేబులో వేసుకున్నాడు. పవర్‌లూమ్‌కు చాలా ఏళ్లు వెళ్లాడు. ఆ రొదలో చెవులు మందగించాయి. నాయన పోయి, దుకాణం నా ఒక్కడిదీ అయ్యాక, ఒక రోజు ఆయనే వచ్చి మూలన స్టూలు వేసుకుని టవళ్లు మడత పెట్టడం మొదలుపెట్టాడు. పిలిచే ధైర్యం నాకు లేకపోయింది, ఆయనే వచ్చాడు. ఇన్నేళ్లలో ఆ సేఠ్ మాట ఆయన నోట ఒక్కసారి కూడా రాలేదు. వస్తే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది.

ఫోను బేరాలే ఎక్కువైనా, ఇంకా కొందరు మనుషులు దుకాణం మెట్లెక్కి వస్తారు. హోట్గి రోడ్ కాలనీలనుంచి వచ్చే పెళ్లివాళ్లు, చుట్టాలకు పెట్టుబడిగా ఇచ్చే చద్దర్లకు. వాళ్లతో నేను ఇప్పటికీ గుంజుతాను, అలవాటు ఎక్కడికి పోతుంది. మొన్న ఒకావిడతో అట్లాగే పడ్డాను. ఆవిడ వదలదు, నేను వదలను. ఆవిడ కూతురు ఫోనులో మునిగిపోయింది, బయట ఆటో వాడు హారన్ కొడుతున్నాడు. నేను ఊరికే మూల వైపు చూశాను. చిన్నాయన ఒక టవలును నాలుగు మడతలు పెట్టి, కుడిచేతి మీద వేసుకుని, ఆ చెయ్యి అడ్డంగా చాచి పట్టుకుని ఉన్నాడు. మా మాటలు ఆయనకు వినబడవు. ముఖాలు మాత్రం చూస్తున్నాడు. చూసి చూసి, మెల్లగా, చెయ్యి కిందికి దించాడు.

నా నోరు దానంతటదే అంది, "సరే అక్కా, నీ మాటే కానియ్యి."

ఆవిడ వెళ్లాక అడిగాను, గట్టిగా, చెవి దగ్గర: "చిన్నాయనా, ఇంకొంచెం సేపు ఆగి దించరాదు? ఇంకో మాట గుంజేటోన్ని గద."

ఆయన టవలు దొంతర మీద పెట్టి ఇంకోటి తీసుకున్నాడు. "బండి వచ్చేసిందిరా," అన్నాడు.

అప్పటినుంచీ ఆయన దించుతూనే ఉన్నాడు, ప్రతిసారీ నాకు కావలసినదాని కన్నా కాస్త ముందే. నేనూ ఆవలించినట్టు మూలకు చూస్తూనే ఉన్నాను.